సూది కంటే ముందు అడగాల్సింది

2018 నవంబర్ ఆఖరున తమిళనాడులోని శివకాశి ప్రభుత్వాసుపత్రిలో 19 ఏళ్ల కుర్రాడొకడు బంధువు కోసం రక్తమిచ్చాడు. ఆ బంధువుకు దాని అవసరం పడలేదు. వారం తిరక్కుండానే అదే రక్తాన్ని సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో రక్తహీనతతో చేరిన ఒక గర్భిణికి ఎక్కించారు. తర్వాత కొద్ది రోజులకు ఆ కుర్రాడు విదేశంలో ఉద్యోగం కోసం వైద్య పరీక్షలు చేయించుకుంటే హెచ్ఐవీ ఉందని తేలింది. తన రక్తాన్ని ఎవరికీ ఎక్కించొద్దని చెప్పడానికి తనంతట తానే ఆస్పత్రికి వెళ్లాడు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. విచారణలో ఇంకో సంగతి బయటపడింది. 2016లో ఒక శిబిరంలో రక్తమిచ్చినప్పుడే అతనికి హెచ్ఐవీ ఉన్నట్టు పరీక్షలో కనిపించింది. ఆ మాట అతనికి చేరనే లేదు. ఆ డిసెంబర్ నెలాఖరులో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. గర్భిణికి వైరస్ సోకింది. జనవరిలో పుట్టిన పాపకు మాత్రం సోకలేదు.

ఈ మొత్తం కథలో తెలిసిన నిజాన్ని తెలిసిన వెంటనే చెప్పిన మనిషి ఆ కుర్రాడొక్కడే. రెండేళ్ల ముందు అతనికి కబురు అందించి ఉంటే శివకాశిలో చొక్కా చేయి మడిచేవాడే కాదు. రక్తభద్రత అనగానే మన చర్చ యంత్రాల మీదికి, కిట్ల మీదికి పోతుంది. యంత్రాలు కావాల్సిందే. కానీ రక్తం యంత్రం దాకా చేరకముందే ఒక మనిషి ఇంకో మనిషిని కొన్ని ప్రశ్నలు అడగాలి, అడిగించుకున్నవాడు నిజం చెప్పగలగాలి. మన దేశంలో ఈ అంగమే అన్నింటికన్నా బలహీనంగా ఉంది. అంతకన్నా విచిత్రమేమిటంటే, దాన్ని బలపరచాల్సిన నిబంధనలే కొన్నిచోట్ల దాన్ని ఇంకా నీరసపరుస్తున్నాయి.

నిబంధనలు తక్కువేం లేవు. జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో దాతల ఎంపికపై విడుదల చేసిన మార్గదర్శకాలే నేటికీ ఆధారం. వాటిలో చాలాభాగం 2020లో ఔషధ నిబంధనల్లోకీ ఎక్కింది. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, మొదటిసారి ఇచ్చేవాళ్లు 60 దాటకూడదు. 350 మిల్లీలీటర్లు ఇవ్వాలంటే బరువు 45 కిలోలైనా ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. పచ్చబొట్టు పొడిపించుకున్నా, చెవులు కుట్టించుకున్నా ఏడాది ఆగాలి. మలేరియా తగ్గాక మూడు నెలలు, డెంగీ తగ్గాక ఆరు నెలలు, టైఫాయిడ్ తగ్గాక ఏడాది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇవ్వకూడదు. మాత్రలతో షుగర్ అదుపులో ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. వీటిలో కొన్ని రోగిని కాపాడేవి, కొన్ని దాతను కాపాడేవి. వీటితో ఎవరికీ పెద్ద పేచీ లేదు, చెప్పడానికి సిగ్గుపడాల్సినవీ కావు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్నలతోనే.

సేకరించిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేసి తీరాలి. మరి పరీక్ష ఉండగా ప్రశ్నలెందుకు? పరీక్షకు కనపడని రోజులు కొన్ని ఉంటాయి కనుక. వైరస్ ఒంట్లోకి వచ్చిన రోజునే పరీక్షకు చిక్కదు. యాంటీబాడీలను వెతికే పరీక్షలో హెచ్ఐవీ బయటపడటానికి సుమారు మూడు వారాలు పడుతుంది. హెపటైటిస్-సి అయితే రెండు నెలల దాకా దాక్కోగలదు. దీన్నే విండో పీరియడ్ అంటారు. వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకునే నాట్ పరీక్ష ఈ వ్యవధిని బాగా కుదిస్తుంది, హెచ్ఐవీ విషయంలో పది రోజుల దగ్గరికి తెస్తుంది. కుదిస్తుందే గానీ పూర్తిగా చెరిపేయదు. పైగా మన దేశంలో నాట్ తప్పనిసరి కాదు. పెద్ద బ్లడ్ బ్యాంకుల్లో ఉంటుంది, జిల్లాల్లో అరుదు. ఆ చీకటి రోజుల్లో రోగికీ వైరస్‌కూ మధ్య ఉన్న అడ్డుగోడ ఒక్కటే: ఈమధ్య నేను ఫలానా పని చేశాను, నా రక్తం వద్దులెండి అని దాత చెప్పే మాట.

ఆ మాట చెప్పే వాతావరణం మన శిబిరాల్లో ఉందా? ఫంక్షన్ హాలు బయట నిలువెత్తు ఫ్లెక్సీ ఉంటుంది. లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో కుర్రాళ్లు, చేతుల్లో ఫారాలు. పెన్నులు చాలవు, ఒకరి పెన్ను పదిమందికి తిరుగుతుంది. నాకు హెపటైటిస్ గానీ, మలేరియా గానీ, హెచ్ఐవీ గానీ, సుఖవ్యాధి గానీ సోకి ఉండొచ్చని అనుకోవడానికి కారణం ఏదైనా ఉందా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. మొత్తం ప్రశ్నావళికి గుండెకాయ లాంటి ప్రశ్న అది. పక్క కుర్చీలో స్నేహితుడు తొంగి చూస్తుంటాడు. నిర్వాహకుల తరఫు కుర్రాడొకడు వరస వెంట తిరుగుతూ, "అన్నా, కిందవన్నీ నో కొట్టేయ్, సంతకం పెట్టెయ్, అయిపోద్ది" అంటాడు. పాపం, అతనికి చెడ్డ ఉద్దేశం లేదు. వరస కదలాలి, సాయంత్రం ఎమ్మెల్యేగారు వచ్చేలోపు సంఖ్య కనిపించాలి, అంతే. చివర్లో జ్యూస్ ప్యాకెట్, బిస్కెట్లు, సర్టిఫికెట్, బొటనవేలు పైకెత్తి ఒక ఫొటో.

తెలుగునాట రక్తదానానికి సినిమా అభిమానం ఇచ్చిన ఊపు తక్కువది కాదు. హైదరాబాద్‌లో 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలయ్యాక, కటౌట్లకు పాలాభిషేకం చేసే చేతులు రక్తం ఇవ్వడానికి చాచాయి. ఆ మార్పును చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. కానీ హీరో పుట్టినరోజున ఒక్కసారిగా వందల యూనిట్లు కుప్పపడినా ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఎండాకాలం కాలేజీలు మూసేశాక అదే ఊళ్లో ఓ నెగెటివ్ కోసం వాట్సాప్ గ్రూపుల్లో మొత్తుకోవాల్సి వస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం వేగం. మన ఔషధ నిబంధనలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. మూడు గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర రక్తం తీసుకునే శిబిరానికి ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, ఇద్దరు అటెండెంట్లు ఉండాలి. వీరితో పాటు ఇద్దరు మెడికో సోషల్ వర్కర్లు కూడా ఉండాలి. 180 నిమిషాలను 60 మందికి పంచితే డాక్టరుకు ఒక్కొక్కరితో మూడు నిమిషాలు దక్కుతాయి. నిబంధన కల్పించిన ఉదారమైన సమయమే ఇంత. సోషల్ వర్కర్లు ఇద్దరూ నిజంగా వచ్చి కూర్చుంటే ఒక్కో దాతకు మరో ఆరు నిమిషాలు దొరుకుతాయి. పెద్ద శిబిరాలకు రెండు మూడు బ్లడ్ బ్యాంకుల్ని పిలుస్తారు, నిజమే. కానీ మర్నాడు పత్రికలో వచ్చేది యూనిట్ల లెక్కే. అనర్హులని తేల్చి ఎంతమందిని వెనక్కి పంపారో ఒక్క నిర్వాహకుడైనా చెప్పగా విన్నామా? ఎవ్వరినీ వెనక్కి పంపని శిబిరం విజయవంతమైన శిబిరం కాదు, అనుమానించాల్సిన శిబిరం.

ఆస్పత్రి వరండాలో ఒత్తిడి ఇంకో రకంగా ఉంటుంది. ఆపరేషన్‌కు రెండు యూనిట్లు కావాలి, బదులుగా ఇద్దరు దాతల్ని పెట్టండి అంటారు. బదులు దాతల పద్ధతిని క్రమంగా మాన్పించి స్వచ్ఛంద దానం వైపు మళ్లాలని 2002 నాటి జాతీయ రక్త విధానం చెబుతోంది. వరండాలో మాత్రం అది ఇంకా బతికే ఉంది. లోపల మామగారు ఆపరేషన్ బల్ల మీద, బయట అత్తగారు, బావమరిది, భార్య. అందరి కళ్లూ అల్లుడి మీద. కౌంటర్ దగ్గర అందరూ వింటుండగానే, భార్యతో కాక వేరేవాళ్లతో సంబంధాలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఏమని చెబుతాడు? "లేవండి" అంటాడు. ఉన్నా అదే అంటాడు, లేకున్నా అదే అంటాడు. అదే ప్రశ్న తలుపేసిన గదిలో అడిగి, ఇవాళ హిమోగ్లోబిన్ తక్కువుందని చెప్పి పంపిద్దామా అని ఒక దారి చూపిస్తే ఆ అల్లుడు తలూపే అవకాశం చాలా ఎక్కువ. ఆ తలుపు ఖరీదు నాట్ యంత్రం ఖరీదులో ఎన్నో వంతూ ఉండదు.

1996 జనవరిలో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అప్పటిదాకా డబ్బుకు రక్తం అమ్ముకునేవాళ్ల మీద మన ఆస్పత్రులు చాలావరకు ఆధారపడేవి. రెండేళ్లలో ఆ పద్ధతిని రూపుమాపాలని, జాతీయ, రాష్ట్ర రక్తమార్పిడి మండళ్లు ఏర్పాటు చేయాలని కోర్టు ఆదేశించింది. 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషేధం. డబ్బు కోసం ఇచ్చేవాడు నిజం దాస్తాడు, దాచక అతనికి గతి లేదు. ఆ నిషేధం వెనక ఉన్న తర్కం అదే. డబ్బును తీసేశాం. మొహమాటాన్నీ, పరువునూ, అభిమాన సంఘం పోటీనీ తీయలేదు. నిజం దాచడానికి అవి డబ్బు కన్నా చిన్న కారణాలేం కావు.

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. 2017 మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్లను, పురుషులతో లైంగిక సంబంధం ఉన్న పురుషులను, మహిళా సెక్స్ వర్కర్లను రక్తదానం నుంచి శాశ్వతంగా దూరం పెట్టాయి. ఏడాదికో రెండేళ్లకో కాదు, జీవితాంతం. మణిపూర్‌కు చెందిన ట్రాన్స్ ఉద్యమకారిణి సాంతా ఖురాయ్ 2021లో దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. కోర్టు అప్పట్లో స్టే ఇవ్వలేదు. 2023లో కేంద్రం నిషేధాన్ని సమర్థిస్తూ అఫిడవిట్ వేసింది. 2025 మేలో మరో ధర్మాసనం, ట్రాన్స్‌జెండర్లందరి మీదా ప్రమాదకారులన్న ముద్ర వేస్తారా అని అడిగి, నిపుణులను సంప్రదించాలని కేంద్రానికి చెప్పింది.

కేంద్రం వాదనను కొట్టిపారేయడం న్యాయం కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2017 నాటి నిఘా సర్వేలో పురుషులతో సంబంధం ఉన్న పురుషుల్లో 2.69 శాతం మందికి, హిజ్రా-ట్రాన్స్‌జెండర్లలో 3.14 శాతం మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. అదే ఏడాది దేశంలోని వయోజనుల సగటు 0.22 శాతం. తేడా పది రెట్లకు పైనే. రక్తం ఇవ్వడం ప్రాథమిక హక్కేం కాదు, భద్రమైన రక్తం పొందడమే రోగి హక్కు అన్న వాదనా బలమైనదే. ఈ మాటలో బరువెంతో తలసీమియా పిల్లల తల్లిదండ్రులకు తెలుసు. ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. పదేళ్లు నిండేసరికి వందల మంది అపరిచితుల రక్తం వాళ్ల ఒంట్లోకి వెళుతుంది. 2025 అక్టోబర్‌లో జార్ఖండ్‌లోని చాయిబాసాలో ఐదుగురు తలసీమియా పిల్లలకు హెచ్ఐవీ ఉన్నట్టు బయటపడింది. హైదరాబాద్ శివరాంపల్లిలోని తలసీమియా సొసైటీ ముందు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి ఎవరి ఆత్మగౌరవం గురించి ఉపన్యాసం చెప్పినా చెవికెక్కదు. ఎక్కాలని ఆశించనూకూడదు.

కనుక ఆ తల్లి వైపు నుంచే అడుగుదాం: ఈ నిషేధం ఆమె బిడ్డను కాపాడుతోందా? ముందు మన ఇంటి లెక్క చూసుకుందాం. నాకో 2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్ఐవీ 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, అంటే మూడు రెట్లు. గుంపు సగటును బట్టి మనిషిని తూచడమే శాస్త్రమైతే, గుంటూరు వాడు బెంగళూరులో రక్తమిస్తానంటే ఊరు పేరు చూసి వెనక్కి పంపాలి. అలా ఎవరూ పంపరు, పంపకూడదు కూడా. మీ ఊరేదని కాదు, ఈమధ్య ఏం చేశావని అడుగుతారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ వైరస్ ప్రధానంగా స్త్రీపురుష సంబంధాల ద్వారానే వ్యాపించింది. భర్త నుంచి భార్యకు, భార్య నుంచి పుట్టిన బిడ్డకు. ఫారంలోని ఏ గుర్తింపు గడీలోనూ పడని మామూలు సంసారులు వాళ్లంతా.

ఇంకో చిక్కుంది. ఒకే భాగస్వామితో పదేళ్లుగా ఉంటున్న ట్రాన్స్ మహిళకు జీవితకాల నిషేధం, బ్రహ్మచారి అయిన ట్రాన్స్ పురుషుడికీ అదే నిషేధం. ఎక్కువమందితో సంబంధాలున్న పెళ్లైన మగవాడినీ అదే నిబంధన వద్దంటుంది, కానీ అతన్ని చూసి ఎవరూ పోల్చుకోలేరు, అతనే చెప్పాలి. అంటే బయటకు కనిపించేవాళ్లను ఆపుతున్నాం, కనిపించని ప్రమాదాన్ని దాని నిజాయితీకి వదిలేస్తున్నాం. పురుషులతో సంబంధం ఉన్న పురుషుడు కూడా ఊళ్లో చాలాసార్లు పెళ్లైనవాడే. ఒక్కసారి అవునంటే జీవితాంతం వెలి అని తెలిశాక అతను అవునంటాడా? మూడు నెలలు ఆగి రమ్మంటే అంటాడేమో. శాశ్వత నిషేధం నిజం చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి సర్టిఫికెట్.

బ్రిటన్ 2021 జూన్‌లో, కెనడా 2022లో, అమెరికా 2023లో పద్ధతి మార్చుకున్నాయి. ఇప్పుడక్కడ ఆడా మగా తేడా లేకుండా అందరినీ ఒకే ప్రశ్నలు అడుగుతారు. గత మూడు నెలల్లో కొత్త భాగస్వామి ఉన్నారా, ఒకరి కంటే ఎక్కువమంది ఉన్నారా, ప్రమాదం ఎక్కువుండే రకం సంబంధం జరిగిందా. అవునంటే మూడు నెలలు ఆగాలి. వాళ్లు ఏదో ఔదార్యంతో మార్చలేదు. కలుషిత రక్తం 30 వేల మందికి పైగా రోగాలు అంటించిన చరిత్ర బ్రిటన్‌ది. 2024 మేలో వచ్చిన విచారణ నివేదిక ఆ గాయాన్ని మళ్లీ కెలికింది. రక్తం విషయంలో అంతగా దెబ్బతిన్న దేశమే గుర్తింపును వదిలి ప్రవర్తనను అడగడం మేలని లెక్కగట్టుకుంది. అయితే అక్కడ నాట్ లేకుండా ఒక్క యూనిట్ బయటకు రాదు, దాతలంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. ఆ రెండూ లేని మనం మూడు నెలల గడువును అచ్చంగా ఎత్తుకొచ్చి పెట్టుకోలేం. యాంటీబాడీ పరీక్షతోనే నెట్టుకొచ్చే చోట గడువు ఆరు నెలలో ఏడాదో పెట్టుకోవచ్చు. పచ్చబొట్టుకు ఏడాది ఆగమన్నవాళ్లం దీనికీ ఏడాది ఆగమనొచ్చు. నా అభ్యంతరం గడువు మీద కాదు, గడువే లేకపోవడం మీద.

వెనక్కి పంపిన దాత ఏమవుతున్నాడు అన్నది ఎవరికీ పట్టని విషయం. 2017 మార్గదర్శకాల పేరులోనే దాతల ఎంపికతో పాటు, వాళ్లను తగిన వైద్యానికి పంపడం కూడా ఉంది. రెండో భాగాన్ని మనం చదవడం మానేశాం. హిమోగ్లోబిన్ సంగతే చూడండి. వేలి చివర సూదితో గుచ్చి, నీలంగా ఉండే మైలుతుత్తం ద్రావణంలో ఒక బొట్టు వేస్తారు. 15 సెకన్లలో మునిగితే 12.5 గ్రాములు ఉన్నట్టు, తేలితే లేనట్టు. ఆడవాళ్ల బొట్టు తరచూ తేలుతుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తమిద్దామని ఉత్సాహంగా వచ్చిన డిగ్రీ అమ్మాయికి, "మీకు రక్తం తక్కువుందమ్మా, జ్యూస్ తాగి వెళ్లండి" అన్న మాటతో సరి. ఎంత తక్కువుంది, ఎక్కడికి వెళ్లాలి, ఐరన్ మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలి అని ఒక చీటీ మీద రాసిచ్చేవాళ్లు లేరు. ఆ అమ్మాయి మళ్లీ శిబిరం గడప తొక్కదు. శిబిరాల్లో ఆడవాళ్లు కనిపించరని వాపోయే మనమే వచ్చినవాళ్లను పోగొట్టుకుంటున్నాం.

హెచ్ఐవీ, హెపటైటిస్ ఫలితాల విషయంలో ఈ నిర్లక్ష్యం ప్రాణాంతకం. పరీక్షలో తేడా వస్తే తెలియజేయమంటారా అని ఫారంలోనే అడుగుతారు, దాత అవునని టిక్కు పెడతాడు. ఆ టిక్కు ఒక ఒప్పందం. శిబిరంలో హడావిడిగా రాసిన సగం ఫోన్ నంబరు, ఊరి పేరు మాత్రమే ఉన్న చిరునామా దాన్ని కాగితానికే పరిమితం చేస్తున్నాయి. ఉచితంగా పరీక్ష అయిపోతుందని రక్తమిచ్చేవాళ్లూ ఉన్నారు. అనుమానం ఉండి పరీక్ష కోసం వచ్చినవాడే విండో పీరియడ్‌లో ఉండే అవకాశం ఎక్కువ గనుక అందరిలోకీ ప్రమాదకరమైన దాత అతనే. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీల్లో, అంటే హెచ్ఐవీ సలహా-పరీక్షా కేంద్రాల్లో, ఆ పరీక్ష ఉచితంగా, గోప్యంగా చేస్తారని శిబిరం గుమ్మంలో ఒక బోర్డు పెట్టడానికి ఎవరి అనుమతి కావాలి?

నిషేధం మీద తుది మాట ఢిల్లీ నుంచి రావాలి, అది ఎప్పుడొస్తుందో రానీ. రెండు తెలుగు రాష్ట్రాల రక్తమార్పిడి మండళ్లు, ఔషధ నియంత్రణ అధికారులు ఈలోపు చేయగలిగింది చాలా ఉంది, చాలావరకు పాత నిబంధనల్లోనే ఉంది. శిబిరానికి అనుమతించేటప్పుడు పడకల లెక్కతో పాటు తెర కట్టిన ఒక మూల ఉందో లేదో చూడాలి. సెలవు రోజు పెద్ద శిబిరాలకు తనిఖీ అధికారిని పంపి, ఆ ఇద్దరు సోషల్ వర్కర్లు వచ్చారా, ఒక్కొక్కరితో ఎన్ని నిమిషాలు మాట్లాడుతున్నారు అని రాయించాలి. ప్రతి బ్లడ్ బ్యాంకు తన వార్షిక నివేదికలో సేకరించిన యూనిట్ల పక్కనే ఎంతమందిని ఏ కారణంతో వెనక్కి పంపిందో, పరీక్షలో తేడా వచ్చినవాళ్లలో ఎంతమందికి ఆ కబురు చేరిందో కూడా చూపించాలి. ఆ చివరి గడి ఖాళీగా ఉన్న బ్లడ్ బ్యాంకుకు లైసెన్సు పొడిగించే ముందు, ఆ దాతలు ఇప్పుడెక్కడున్నారని అడగాలి.